లేత ఎముకలకు రక్ష

ఉద్దేశ్యం

బాలబాలికల ఎముకలలోను, కండరాది మృదుకణజాలాలలోను పుట్టే కాన్సర్ కణితులకు మెరుగైన చికిత్స కోసం జరిగిన, జరుగుతున్న పరిశోధనను పరిచయం చేయడం, ఆ కృషిలో తెలుగువారి పాత్రను తెలియజేయడం, వ్యాధి లక్షణాలపై విద్యార్థులకు అవగాహన కలిగించడం ఈ పాఠం ఉద్దేశ్యం.

పాఠ్యభాగం

విశాఖపట్టణం సముద్రానికీ లోహానికీ పెట్టింది పేరు. 1933లో ప్రారంభమైన నౌకాశ్రయం ఆ నగరాన్ని ప్రపంచంతో కలిపింది. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం దానికి ఉక్కునగరమనే ఖ్యాతిని తెచ్చింది. ఆ కర్మాగారానికి సమీపంలో, జాతీయ రహదారి పక్కన అగనంపూడి అనే ఊరు ఉంది. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్‌కు శాఖగా హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం అక్కడే వెలసింది. 2023 మే 11న అది జాతికి అంకితమైంది. ఉత్తరాంధ్ర జిల్లాల వారికి కాన్సర్ చికిత్స కోసం హైదరాబాదుకో, ముంబయికో పోవలసిన అవసరాన్ని తగ్గించడం దాని ఆశయాలలో ఒకటి.

పెద్దలకు వచ్చే కాన్సర్ గురించి నేడు అందరికీ ఎంతో కొంత తెలుసు. పొగాకు మానాలనీ, పరీక్షలు చేయించుకోవాలనీ ప్రచారం జరుగుతూనే ఉంది. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్లవాని మోకాలి ఎముకకు కాన్సర్ వచ్చిందంటే మాత్రం నమ్మడానికి ఎవరికీ మనసొప్పదు. ఈ అపనమ్మకమే వ్యాధికి మొదటి ఆసరా.

వ్యాధి స్వరూపం

ఎముక, మృదులాస్థి, కండరం, కొవ్వు వంటివి శరీరాన్ని కట్టి నిలిపే కణజాలాలు. వీటిలో పుట్టే కాన్సర్లకు సార్కోమాలని పేరు. పిల్లల్లో కనిపించే సార్కోమాలలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది ఆస్టియోసార్కోమా. పిల్లలు ఏపుగా ఎదిగే వయసులో ఎముకల చివరల వద్ద కణాలు వేగంగా విభజన చెందుతుంటాయి. ఎదుగుదల ఎక్కడ ఎక్కువో ఈ కణితి కూడా అక్కడే ఎక్కువగా పుడుతుంది. అందువల్లనే తొడ ఎముక కింది చివర, పిక్క ఎముక పై చివర, అంటే మోకాలి చుట్టుపక్కల, దీనికి ప్రధాన స్థానాలయ్యాయి. భుజం దగ్గరి ఎముక తరువాతి స్థానం.

రెండవది యూయింగ్ సార్కోమా. 1921లో అమెరికా వైద్యుడు జేమ్స్ యూయింగ్ దీనిని విడిగా గుర్తించి వర్ణించినందువల్ల ఆయన పేరే దీనికి స్థిరపడింది. ఇది కటి ఎముకలలోను, పొడవైన ఎముకల నడిమి భాగంలోను, ఒక్కొక్కప్పుడు మృదుకణజాలంలోను పుడుతుంది. రెండు క్రోమోజోములు తెగి, తారుమారుగా అతుక్కొనడం వల్ల ఏర్పడే ఒక సంకర జన్యువు దీనికి మూలమని 1992లో తేలింది.

మూడవది రాబ్డోమయోసార్కోమా. ఇది పిల్లల మృదుకణజాల కాన్సర్లలో అన్నింటికంటె ఎక్కువగా కనిపించేది. కండరంగా ఎదగవలసిన లేతకణాలను పోలిన కణాలతో ఈ కణితి ఏర్పడుతుంది. కంటిగూడు, ముక్కు లోపలి భాగం, మూత్రాశయం, కాళ్ళుచేతులు దీని స్థానాలు.

రక్త కాన్సర్‌తో పోలిస్తే ఇవి అరుదైన వ్యాధులే. ఆ అరుదుతనమే పరిశోధనకు అవరోధం. ఒక ఆసుపత్రికి ఏడాదికి కొద్దిమంది పిల్లలే వస్తే, ఏ మందు మేలైనదో ఆ కొద్దిమందిని చూసి తేల్చడం సాధ్యం కాదు. కనుక ఈ రంగంలో పరిశోధన అంటే అనేక ఆసుపత్రులు, అనేక దేశాలు చేయి కలపడమే.

కాలు తీసినా దక్కని ప్రాణం

1970కి పూర్వం ఆస్టియోసార్కోమా సోకిన పిల్లవానికి వైద్యులు చేయగలిగింది ఒక్కటే, కాలునో చేయినో పూర్తిగా తొలగించడం. అంత కఠినమైన త్యాగం చేసినా, బతికి బట్టకట్టిన వారు నూటికి ఇరవై మందికి మించలేదు. కణితి బయటపడే నాటికే దాని సూక్ష్మకణాలు రక్తం ద్వారా ఊపిరితిత్తులకు చేరి ఉండేవి. ఆనాటి ఎక్స్‌రేలకు అవి అందేవి కావు. శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకు ఊపిరితిత్తులలో కొత్త కణితులు ప్రత్యక్షమయ్యేవి. కత్తికి అందని ఆ కణాలను శరీరమంతటా వెదకి చంపగల మందు కావలసి వచ్చింది.

భీమవరం బిడ్డ వేసిన బాట

అటువంటి మందుకు బీజం వేసినవారిలో అగ్రగణ్యుడు మన తెలుగువాడు. డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరాడు. సోదరులను స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి బలిగొన్న దుఃఖం ఆయనను జీవితాంతం వెన్నాడింది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లమనే విటమిను మీద పరిశోధన సాగించాడు. 1945 నాటికి ఆయన బృందం దానిని కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ వ్యాధికి, కొన్ని రకాల రక్తహీనతకు అది దివ్యౌషధమయింది.

కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని పోలి ఉండి, దాని పని చేయని పదార్థాన్ని కణానికి అందిస్తే ఏమవుతుంది? తాళంలో పట్టి, తిరగని దొంగ తాళంచెవి వలె అది కణవిభజనకు అడ్డుపడుతుంది. సుబ్బారావు బృందం తయారు చేసిన ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అటువంటి పదార్థాలే. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఎమినోప్టెరిన్‌ను రక్త కాన్సర్‌తో మరణముఖంలో ఉన్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగింది. 1948 జూన్‌లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. తాను నాటిన మొక్క మహావృక్షమవడం ఆయన చూడలేదు.

సాధారణ మోతాదులో మెథోట్రెక్సేట్‌కు ఆస్టియోసార్కోమా లొంగలేదు. 1970 దశకపు తొలి సంవత్సరాలలో బోస్టన్ వైద్యులు ఒక సాహసం చేశారు. ప్రాణాపాయం కలిగించేటంత పెద్ద మోతాదులో ఆ మందును ఎక్కించి, ఆపై నిర్ణీత సమయానికి ల్యూకోవోరిన్ అనే విరుగుడునిచ్చి ఆరోగ్యకరమైన కణాలను కాపాడారు. క్షీరసాగర మథనంలో హాలాహలమూ అమృతమూ ఒకే కడలి నుండి పుట్టినట్లు, ఈ మందు, దాని విరుగుడు రెండూ ఫోలిక్ ఆమ్లపు కుటుంబానికి చెందినవే కావడం విశేషం. నేడు ఈ చికిత్సలో శరీర ఉపరితలపు ప్రతి చదరపు మీటరుకు 12 గ్రాముల మందును ఎక్కిస్తారు. ఇరవైనాలుగు గంటలకు విరుగుడు ఆరంభించి, రక్తంలో మందు పాలు తగ్గేవరకు కొనసాగిస్తారు. డోక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్ అనే మరి రెండు మందులు తరువాత దీనికి తోడైనాయి.

సందేహానికి సమాధానం

మందుల వల్లనే పిల్లలు బతుకుతున్నారని అందరూ వెంటనే అంగీకరించలేదు. కాలక్రమంలో వ్యాధి తీవ్రతే తగ్గిందేమోనని, పరీక్షలు మెరుగుపడటమే కారణమేమోనని కొందరు వైద్యులు సందేహించారు. సందేహం శాస్త్రానికి శత్రువు కాదు. దానిని పరీక్షతోనే తీర్చాలి. అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి, శస్త్రచికిత్స జరిగిన 36 మంది రోగులను చీట్లు తీసిన విధంగా రెండు వర్గాలుగా విభజించాయి. ఒక వర్గానికి మందులు ఇచ్చారు. రెండవ వర్గాన్ని పరీక్షలతో కనిపెట్టి ఉన్నారు. 1986లో ఫలితం వెలువడింది. రెండేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మందులు పొందని వర్గంలో 17 శాతం, పొందిన వర్గంలో 66 శాతం. దానితో వాదం ముగిసింది. వ్యాధి ఇతర అవయవాలకు పాకకముందే చికిత్స మొదలైన పిల్లల్లో నేడు నూటికి అరవై నుండి డెబ్బై మంది దీర్ఘకాలం జీవిస్తున్నారంటే, ఆ పరీక్షలో పాల్గొన్న వారి ఋణం ఎంతో ఉన్నది.

కాలు నిలిపిన లోహం

ప్రాణం దక్కే దారి కనిపించగానే కాలును కూడా దక్కించాలనే కోరిక కలిగింది. కణితి ఉన్న ఎముకను మాత్రమే తొలగించి, ఆ స్థానంలో లోహపు ఎముకను అమర్చడం ఇందుకు మార్గం. 1970 దశకంలో న్యూయార్కు నగరంలో ఈ ప్రయత్నం చేసిన వైద్యులకు ఒక చిక్కు ఎదురైంది. ఒక్కొక్క రోగి కొలతలకు తగినట్లు లోహపు ఎముకను తయారు చేయడానికి రెండు మూడు నెలలు పట్టేది. అంతవరకు కణితి పెరగకుండా ఉండాలని శస్త్రచికిత్సకు ముందే మందులు ఇవ్వసాగారు. ఆ నిరీక్షణ వరమయింది. కణితి గట్టిపడి శస్త్రచికిత్స సులభమయింది. తొలగించిన కణితిని సూక్ష్మదర్శినిలో చూస్తే, మందులకు ఎంత భాగం నశించిందో కూడా తెలిసింది. ముందు మందులు, నడుమ శస్త్రచికిత్స, తరువాత మళ్ళీ మందులు అనే నేటి క్రమం ఆ విధంగా రూపుదిద్దుకొన్నది.

విదేశాల నుండి వచ్చే లోహపు ఎముక ధర సామాన్య కుటుంబానికి అందేది కాదు. ముంబయి టాటా ఆసుపత్రి వైద్యులు, బొంబాయి ఐ.ఐ.టి. ఇంజనీర్లు, హైదరాబాదులోని లోహ పరిశోధన సంస్థ ఎన్.ఎఫ్.టి.డి.సి. కలిసి స్వదేశీ కీలును రూపొందించే ప్రయత్నం అందుకే చేపట్టారు. లోహవిజ్ఞానం యంత్రాలకు, ఓడలకే పరిమితమని తలచేవారికి ఈ ఉదాహరణ కనువిప్పు.

పిల్లల విషయంలో ఇంకొక సమస్య ఉంది. పదేళ్ళ బాలిక ఎదుగుతుంది, లోహం ఎదగదు. ఒక కాలు పొడవై, ఇంకొకటి పొట్టిగా మిగులుతుంది. దీనికి పరిష్కారంగా, శరీరం వెలుపలి నుండి అయస్కాంత బలంతో కొద్దికొద్దిగా పొడిగించగల లోహపు ఎముకలు వచ్చాయి.

మందు పెంచితే ఆయుష్షు పెరుగుతుందా?

మూడు మందులతో ఇంత మేలు జరిగింది కదా, మరి రెండు చేర్చితే ఇంకా ఎక్కువ మేలు జరగదా? ఈ ప్రశ్నకు జవాబు కోసం యూరామోస్ అనే అంతర్జాతీయ పరిశోధన జరిగింది. 2005 నుండి 2011 వరకు 17 దేశాలకు చెందిన 2,260 మంది రోగులు అందులో చేరారు. మొదటి మందులకు కణితి సరిగా లొంగని వారికి అదనపు మందులిచ్చి చూశారు. 2016లో వెలువడిన ఫలితం ఆశాజనకంగా లేదు. ప్రయోజనం పెరగలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. మందును పెంచినంత మాత్రాన ఆయుష్షు పెరగదని తేలింది. నిరాశ కలిగించినా ఈ ఫలితం మహోపకారమే చేసింది. అటుపైని పిల్లలకు అనవసరమైన బాధ తప్పింది.

ఈ మందుల తీవ్రతను తక్కువగా చూడరాదు. డోక్సోరుబిసిన్ గుండెను, సిస్‌ప్లాటిన్ వినికిడిని దెబ్బతీయవచ్చు. పదిహేనేళ్ళకు బతికిన బాలుడు అరవయ్యేళ్ళ వరకు ఆ గుండెతోనే జీవించాలి. కనుక మెరుగైన చికిత్స అన్న మాటలో ఎక్కువమందిని బతికించడంతోపాటు, బతికినవారికి తక్కువ హాని చేయడం కూడా ఇమిడి ఉంది.

పాత మందులనే తెలివిగా వాడి సాధించిన విజయాలున్నాయి. యూయింగ్ సార్కోమాకు మూడు వారాలకొకసారి ఇచ్చే మందులను రెండు వారాలకొకసారి ఇచ్చి చూడగా, అయిదేళ్ళపాటు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 65 శాతం నుండి 73 శాతానికి పెరిగారు. 2012లో ఈ విషయం ప్రచురితమైంది. రాబ్డోమయోసార్కోమాకు అసలు చికిత్స ముగిసిన తరువాత మరి ఆరు నెలలు తక్కువ మోతాదులో రెండు మందులను కొనసాగించగా, అయిదేళ్ళు జీవించినవారు 73.7 శాతం నుండి 86.5 శాతానికి పెరిగారని 2019లో ఐరోపా పరిశోధకులు ప్రకటించారు. ఆ రెండింటిలో ఒకటైన సైక్లోఫాస్ఫమైడ్ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న పాత మందు, నోటితో మింగదగినది. కొత్త మందుల వైపు చూస్తే, కొన్ని కణితులలోని ఒక జన్యుదోషాన్ని గురిచూసి కొట్టే లారోట్రెక్టినిబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి లభించింది. పసికందులలో వచ్చే ఒక రకం మృదుకణజాల కణితికి అది గొప్పగా పనిచేస్తుంది.

మన నేలకు తగిన చికిత్స

సుబ్బారావు మందును పెద్ద మోతాదులో వాడాలంటే రక్తంలో దాని పాలును ప్రతిదినం కొలవాలి. ఆ సౌకర్యం లేని ఆసుపత్రులు మన దేశంలో అనేకం. కొలవకుండా ఇస్తే మందే మృత్యువవుతుంది. టాటా ఆసుపత్రి వైద్యులు ఈ చిక్కును ఆలోచించి, మెథోట్రెక్సేట్ లేకుండా డోక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫాస్ఫమైడ్ అనే మూడింటితో ఓ.జి.ఎస్.-12 అనే చికిత్సాక్రమాన్ని రూపొందించి, ఫలితాలను 2017లో ప్రకటించారు. తెలుగువాని మందును పక్కన పెట్టడం ఆయనకు అగౌరవం కాదు. రోగికి ఏది క్షేమమో అదే మందు అన్న ఆయన మార్గాన్నే వారు అనుసరించారు.

మందు ఉన్నా అది పిల్లవానికి చేరకపోతే ప్రయోజనం సున్న. సంపన్న దేశాలలో కాన్సర్ సోకిన పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా కోలుకొంటుండగా, పేద, మధ్యాదాయ దేశాలలో ముప్ఫై మంది కూడా కోలుకోవడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం అరవై మందినైనా కాపాడాలని ఆ సంస్థ 2018లో సంకల్పించింది. ఈ అంతరానికి కారణాలు ప్రయోగశాలల వెలుపల ఉన్నాయి. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం ఒకటి. నెలల తరబడి సాగే చికిత్సను మధ్యలో మానివేయడం మరొకటి. మన్యపు గూడెం నుండి బిడ్డను తెచ్చుకొన్న తండ్రికి కూలి పోతుంది, బస తేలదు, ఇంటివద్ద మిగిలిన పిల్లల దిగులు తీరదు. రెండు విడతల మందులకే బిడ్డ నొప్పి తగ్గితే, ఇక నయమయిందని ఇంటిదారి పట్టడం సహజం. కాలు తీయాలంటారన్న భయంతో తిరిగిరానివారూ ఉంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం వైద్యఖర్చుల భారాన్ని చాలా తగ్గించింది. దారి ఖర్చులు, బస, ధైర్యవచనం ఇంకా మిగిలే ఉన్నాయి. అగనంపూడి వంటి చోట ఆసుపత్రి ఉండటం ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. వంద మైళ్ళ ప్రయాణం తగ్గడం కూడా ఒక మందే.

విద్యార్థి కర్తవ్యం

ఈ వ్యాధికి గురయ్యేవారిలో అధికులు కళాశాల విద్యార్థుల ఈడువారూ, వారి తమ్ముళ్ళూ చెల్లెళ్ళే. ఎముకలో నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, రాత్రివేళ నిద్ర లేపుతున్నా, నొప్పి ఉన్నచోట వాపు కనిపించినా దానిని ఆటలో తగిలిన దెబ్బగా కొట్టిపారవేయరాదు. దెబ్బ కాన్సర్‌ను పుట్టించదు, అప్పటికే ఉన్న కణితి మీదికి దృష్టిని మళ్ళిస్తుంది. అటువంటి వాపును మర్దన చేయించడం, నాటుకట్టు వేయించడం ప్రమాదకరం. ముందుగా ఎక్స్‌రే తీయించాలి. అనుమానం కలిగితే ముక్క పరీక్షను శస్త్రచికిత్స చేయబోయే నిపుణుల బృందమే చేయాలి. ఎక్కడపడితే అక్కడ కోయించుకొంటే నిలవవలసిన కాలు కూడా నిలవకపోవచ్చు. ఎముకనొప్పులలో కాన్సర్ అయ్యేవి అతి స్వల్పం, కనుక భయపడనక్కరలేదు. అయినా ఒక్క ఎక్స్‌రే చేయగల మేలును నిర్లక్ష్యం చేయరాదు.

భీమవరంలో పుట్టిన బాలుడు బోస్టన్ చేరాడు. ఆయన బృందం తయారు చేసిన మందు ఆస్టియోసార్కోమా చికిత్సకు దారి చూపింది. హైదరాబాదు లోహశాస్త్రవేత్తలు ముంబయి వైద్యులతో చేయి కలిపారు. పదిహేడు దేశాల పిల్లలు ఒకే ప్రశ్నకు జవాబు వెదకడంలో భాగస్వాములయ్యారు. ఇందరి శ్రమ ఫలించాలంటే, కుంటుతూ తరగతికి వచ్చిన తోటి విద్యార్థిని "ఎన్నాళ్ళనుండి నొప్పి?" అని అడిగేవాడు ఒకడుండాలి.

అభ్యాసం

I. పదాలు – అర్థాలు
కణజాలం = ఒకే పని చేసే కణాల సముదాయం
మృదులాస్థి = మెత్తని ఎముక
అవరోధం = అడ్డంకి
పాలు = భాగం, మోతాదు
ఉపశమనం = బాధ తగ్గడం
కనువిప్పు = జ్ఞానోదయం

II. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆస్టియోసార్కోమా చికిత్స 1970కి పూర్వం నుండి నేటి వరకు ఎట్లు మారినదో వివరించండి.
2. మందు కనిపెట్టడంతోనే వైద్య పరిశోధన ముగియదని పాఠం ఆధారంగా నిరూపించండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. శస్త్రచికిత్సకు ముందే మందులిచ్చే పద్ధతి ఎట్లు ఏర్పడింది?
2. యూరామోస్ పరిశోధన నేర్పిన పాఠమేమి?
3. ఎముకనొప్పి విషయంలో ఎప్పుడు జాగ్రత్త వహించాలి?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఈ అపనమ్మకమే వ్యాధికి మొదటి ఆసరా.
2. వంద మైళ్ళ ప్రయాణం తగ్గడం కూడా ఒక మందే.

V. సంధులు
నౌకాశ్రయం = నౌకా + ఆశ్రయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
దివ్యౌషధం = దివ్య + ఔషధం – వృద్ధిసంధి

VI. సమాసాలు
కాళ్ళుచేతులు – కాళ్ళును, చేతులును – ద్వంద్వ సమాసం
శస్త్రచికిత్స – శస్త్రముతో చికిత్స – తృతీయా తత్పురుష సమాసం